నిప్పు పుట్టకమునుపే: విమానపు ఇంజను తనిఖీల చరిత్ర

మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పములో గాని ప్రయాణికుల విమానములు దిగు తావు లేదు. అయినను విమానపు మాట ఆ ఊళ్లకు దూరపు మాట కాదు. ఒక వంక చెన్నై, ఒక వంక బెంగుళూరు, మరియొక వంక తిరుపతి – ఈ మూడు విమానాశ్రయముల నడుమ ఆ సీమ ఉన్నది. బ్రతుకుతెరువునకై కువైటు మొదలైన గల్ఫు దేశములకు పోవువారు ఆ పల్లెలనుండి ఎందరో కలరు. కొడుకును సాగనంపి ఇల్లు చేరిన తల్లికి ఆ రాత్రి మిద్దెమీద వినవచ్చు విమానపు మ్రోత, నిన్నటి రాత్రి విన్న మ్రోత వంటిది కాదు. ఆ మ్రోతను పుట్టించు యంత్రములో ఒక లోహపు బిళ్ల పగిలినచో ఏమగును? పగులకమునుపే దానిని కనిపెట్టవలెనని మనుష్యులు ఏ కట్టుబాట్లు చేసికొనిరి? ఆ కట్టుబాట్లు ఏ మంటలలోనుండి పుట్టినవి? ఇది నేటి ప్రసంగ విషయము.

ఈ కథ ఆకసమున మొదలు కాలేదు, రైలుపట్టాలపై మొదలైనది. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సు దేశమున వర్సాయి నగరమునుండి పారిసునకు మరలుచున్న రైలుబండి ఇంజనులో ఒక ఇరుసు విరిగెను. వెనుకనున్న పెట్టెలు ఒకదానిపై ఒకటి ఎక్కినవి. కొలిమిలోని నిప్పు కొయ్యపెట్టెలకు అంటుకొన్నది. ఆ కాలపు ఆచారము చొప్పున పెట్టెల తలుపులకు తాళములు వేసియుండిరి. ఏబదిమందికి పైగా లోపలనే కాలిపోయిరి. దక్షిణధ్రువ ప్రాంతములను చూచివచ్చిన ప్రసిద్ధ నావికుడు ద్యూమాన్ ద్యుర్విల్ భార్యతోను, కుమారునితోను వారిలో నుండెను. మంచుకొండల నడుమ ఓడ నడిపి బ్రతికివచ్చినవాడు ఇంటికి కూతవేటు దూరమున ఇరుసు విరిగి మరణించుట లోకమును కలచివేసినది.

ఇరుసు ఏల విరిగినది? ఆ దినములలో విరిగిన ఇరుసులు పెక్కింటి విషయమున ఇనుము చెడ్డది కాదు. మోయదగిన బరువునకు మించిన బరువు పడినదియు కాదు. నిన్నటివరకు మోసిన బరువునే మోయుచు అవి నేడు విరుగుచుండెను. స్కాట్లండు దేశీయుడు రాంకిన్ 1843లో విరిగిన ఇరుసులను పరిశీలించి, పగులు ఒక మూలన సన్నని బీటగా పుట్టి, దినదినము కొంచెము కొంచెముగా లోనికి ప్రాకుచు, చివరకు మిగిలిన లోహము బరువునకు ఆగలేక తెగునని గుర్తించెను. ప్రష్యా రైల్వేలలో పనిచేసిన వ్యోలర్ అను ఇంజనీరు అటుపిమ్మట ఏండ్ల తరబడి ఇరుసులను త్రిప్పి త్రిప్పి, ఎంత బరువునకు ఎన్ని తిరుగుళ్లలో విరుగునో లెక్కగట్టెను. దీనినే లోహపు అలసట యందురు. తీగను ఒక్కమారు వంచిన విరుగదు. అటునిటు పదిమారులు వంచిన విరుగును గదా! మనిషి అలసట నిద్రతో తీరును. లోహపు అలసట మాత్రము తీరునది కాదు, కూడుకొనునది.

వర్సాయి దుర్ఘటన జరిగిన 22 ఏండ్లకు, 1864లో, జోలార్‌పేటనుండి బెంగుళూరు దండునకు మదరాసు రైల్వేవారి దారి తెరువబడినది. కుప్పము ఆ దారిలోనిదే. ఆవిరిబండ్ల కాలమున పెద్ద స్టేషనులలో బండి ఆగగానే పొడుగు పిడిగల సుత్తితో చక్రములను ఒక్కొక్కటిగా తట్టుచు నడచిపోవు మనిషిని ముదుసలివారు చూచియే యుందురు. కంగుమని మ్రోగినచో చక్రము మంచిది; మొద్దుగా పలికినచో ఎచ్చటనో పగులున్నట్లు. కుమ్మరియింట కుండ కొనునప్పుడు మన స్త్రీలు వ్రేలితో తట్టి చేయు పరీక్షయు ఇదియే. పరీక్ష చిన్నది, పనిముట్టు చిన్నది. కాని అందులో ఒక పెద్ద మాట కలదు. ఆ మనిషి చెడినదానిని చూచుటకు రాలేదు. బాగున్నదని అందరు నమ్ముచున్నదానిని శంకించుటకు వచ్చినాడు. ఆ శంక జీతమిచ్చి చేయించుకొను పని యైనది. ఆవిరి బాయిలరుల విషయమున అది శాసనముగనే మారినది. 1923లో మన దేశమున వచ్చిన బాయిలరుల చట్టము చొప్పున ఇన్‌స్పెక్టరు పరీక్షించి ఇచ్చు యోగ్యతాపత్రము ఏడాదికి మించి చెల్లెడిది కాదు. పత్రము లేక బాయిలరును వాడుట నేరము.

ఇక ఆకాశమునకు పోవుదము. 1932 అక్టోబరు 15వ తేదీన కరాచీనుండి బొంబాయికి టాటాల తపాలా విమానమును జె.ఆర్.డి. టాటా నడుపగా, అచ్చటినుండి బళ్లారిమీదుగా మదరాసునకు నెవిల్ వింట్సెంట్ నడిపెను. బళ్లారినుండి మదరాసునకు తిన్ననిదారి రాయలసీమమీదిదే. ఒక్క ఇంజను, ఒక్క నడపరి, తపాలా సంచులు – అంతే. ఆ ఇంజను విప్పిచూపిన తెరచిన పుస్తకము వంటిది. సిలిండరు పగిలినచో నూనె కారును, చప్పుడు మారును, వాసన వచ్చును. మెకానిక్కు కన్ను, చెవి, ముక్కు – ఇవియే తనిఖీ పరికరములు. 1934లో విమానముల చట్టమును, 1937లో దాని నియమములును వచ్చినవి. విమానము ఎగురుటకు తగినదని చెప్పు పత్రము, ఆ మాటపై చేవ్రాలు చేయు అర్హతగల మనిషి, జరిగిన పనినెల్ల వ్రాయు పుస్తకము – ఈ మూడును ఆ నియమములు కోరినవి.

ఇంజనులు పెద్దవైన కొలది నిప్పు భయము పెద్దదైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికావారు నిర్మించిన బి-29 బాంబరు ఇందుకు తార్కాణము. దాని తొలి నమూనాలలో ఒకటి 1943 ఫిబ్రవరి 18వ తేదీన సియాటిల్ నగరముపై ఇంజను మండి కూలినది. నడిపిన ఎడ్డీ ఆలెన్ తోపాటు లోపలనున్న 11 మందియు మరణించిరి. యుద్ధపు తొందరలో ఆ విమానములనే మరుసటి యేట భారతదేశమునకు పంపిరి. బంగాళమున ఖరగ్‌పూరు వాటికి ముఖ్యస్థానమైనది. రైల్వే కొలువులకై వలసపోయిన తెలుగు కుటుంబములు వేలకొలది గల ఊరు ఖరగ్‌పూరు అని మన శ్రోతలకు తెలియును. ఏప్రిలు నెల యెండలో, వెనుక వరుస సిలిండరులకు గాలి చాలక, పొగబోవు కవాటములు కాలి తెగి సిలిండరులలో పడుచుండెను. దానివెంట మంట. దారిలో కరాచీ చెంత వరుసగా విమానములు దెబ్బతినగా కొన్నాళ్లు వాటినన్నిటిని నేలపై నిలిపివేసిరి. గాలిని మళ్లించు రేకులను మార్చి, నూనె పారుదలను హెచ్చించి తిరిగి ఎగురవేసిరి. యుద్ధము జరుగుచుండగా సైతము విమానములను నిలుపక తప్పని నిప్పు అది. ఏ దేశపు వేసవిని తలచి చేయని యంత్రము ఆ దేశపు వేసవిలో ఏమగునో కాగితముపై లెక్క తేలదు.

స్వాతంత్ర్యమునకు పూర్వమే హైదరాబాదులో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ వారు బేగంపేటనుండి డకోటాలు నడిపిరి. డకోటా రెండు ఇంజనులలో ఒక్కొక్కటి 14 సిలిండరులు గలది, 1200 అశ్వశక్తి గలది. 1953లో ఆ సంస్థ మరి ఏడు సంస్థలతోపాటు జాతీయమై పోయినది. డకోటాల కాలము మెకానిక్కుల స్వర్ణయుగమని నా యభిప్రాయము. ఇంజను చెడుటకు ముందు హెచ్చరించెడిది. దాని తరువాత వచ్చినది జెట్టుయుగము. జెట్టు ఇంజను మాటిమాటికి చెడదు. ఆ మాటలో పిస్టను ఇంజనుకంటె ఎన్నో మడుగులు నమ్మదగినది. కాని చెడునప్పుడు చెప్పి చెడునని నమ్మరాదు.

దాని నిర్మాణమును రెండుమాటలలో చెప్పెదను. ముందునుండి గాలిని పీల్చి, వరుస వరుసలుగా నున్న రెక్కల చక్రములు ఆ గాలిని నొక్కి నొక్కి లోనికి పంపును. ఇది కంప్రెసరు. నొక్కిన గాలిలో కిరసనాయిలు వంటి ఇంధనమును చిమ్మి మండింతురు. ఆ మంట వెనుకకు చిమ్ముచు టర్బైను చక్రములను త్రిప్పును. అవి ముందరి కంప్రెసరును త్రిప్పును. రెక్కలన్నియు గ్రుచ్చియుండు లోహపు బిళ్లను డిస్కు అందురు. నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగు ఈ డిస్కు తన రెక్కలను తానే పట్టి ఆపుకొనవలెను. నిప్పునకు కావలసినవి మూడు – గాలి, వేడి, ఇంధనము. విమానపు ఇంజనులో ఈ మూడును ప్రతి క్షణము ప్రక్కప్రక్కనే ఉన్నవి. వాటి నడుమ నున్నది సన్నని లోహపు గోడ, కొన్ని గొట్టములు, కొన్ని బిగింపులు మాత్రమే.

రెక్క యొకటి తెగినచో దానిని ఇంజను చుట్టునున్న కవచము ఆపవలెనని నియమము. కర్మాగారములో కావలెనని రెక్కను తెగగొట్టి ఆ పరీక్ష చేసి చూపుదురు. డిస్కే పగిలినచో? దానిని ఆపగల కవచమును చేయవచ్చునేమో గాని, ఆ బరువుతో విమానము నేల విడువదు. అందువలన నిర్మాతలు డిస్కు విషయమున ఆపుట అను మాటను విడిచి, పగులకుండ చూచుట అను మాటను పట్టుకొనిరి. తక్కిన భాగములకు తనిఖీ రెండవ కాపుదల. డిస్కునకు తనిఖీయే కాపుదల.

ఆ కాపుదల తప్పినప్పుడు ఏమగునో మన దేశము 1976లో చూచినది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారు 1964నుండి కారవెల్ అను ఫ్రెంచి జెట్టు విమానములను నడుపుచుండిరి. తోకకు ఇరువైపుల రెండు రోల్స్‌రాయిస్ ఏవాన్ ఇంజనులు గల అందమైన విమానము. 1976 అక్టోబరు 12వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, బొంబాయి శాంతాక్రూజునుండి మదరాసునకు 171వ నంబరు సర్వీసుగా ఒక కారవెల్ లేచినది. లేచిన కొలది సేపటికే రెండవ ఇంజను విఫలమైనది. నడపరులు విమానమును వెనుకకు మరల్చిరి. ఒక్క ఇంజనుతో దిగుట వారు నేర్చిన విద్యయే; కారవెల్ అందుకు తగిన విమానమే. కాని జరిగినది ఇంజను ఆగిపోవుట మాత్రము కాదు. కంప్రెసరులో పదవ అంచె డిస్కు అలసటవలన పుట్టిన బీటతో పగిలి, కవచమును చీల్చుకొని బయటపడినది. ఇంధనము కారినది, మంట పుట్టినది.

ఆ మంట ప్రయాణికుల గదిని చేరకమునుపే మరియొకదానిని చేరినది. కారవెల్ విమానమున రెక్కల అంచులను, తోకను కదల్చునది నడపరి చేతిబలము కాదు. గొట్టములలో ఒత్తిడితో నుండు ద్రవము. ఆ ద్రవము మంటకు ఆహుతి యైనది. అది పోగా నడపరుల చేతులలో మిగిలినవి ఊరక కదలు పిడులు. రన్వే ఇంక కొంచెము దూరమున నుండగనే విమానము కూలి దగ్ధమైనది. 89 మంది ప్రయాణికులు, 6 మంది సిబ్బంది – 95 మందిలో ఒక్కరును మిగులలేదు. మలయాళ చిత్రములలో పేరుపొందిన నటి రాణీచంద్ర కుటుంబసభ్యులతో సహా ఆ విమానములో ఉండెను. మదరాసు విమానాశ్రయమున ఆ వేకువను ఎదురుచూచినవారు ఏ భాషలవారో లెక్క తీయనక్కరలేదు. మదరాసు అందరి ఊరు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదులో కూలిన ఎయిరిండియా విమానపు సర్వీసు నంబరును 171 యే. అంకె కలిసినదని కారణములను కలుపరాదు. అందు లేచిన కొన్ని క్షణములకే రెండు ఇంజనులకును ఇంధనమునిచ్చు మీటలు మూసిన స్థితికి మారినవని తొలి నివేదిక చెప్పినది. అది వేరు విచారణ. 1976 నాటి 171 మాత్రము ఒక్క డిస్కు కథ.

డిస్కులో బీట ఎట్లు పుట్టును? విమానము లేచునప్పుడు ఇంజను పూర్తివేగమున తిరుగును, వేడెక్కును. దిగిన పిమ్మట చల్లారును. ఒక్క లేచుట, ఒక్క దిగుట – లోహమును ఒకమారు వంచి తిన్నచేసినట్లు. కావున డిస్కు వయస్సును ఏండ్లతో కాక ఈ చుట్లతో లెక్కింతురు. నిర్మాత నిర్ణయించిన చుట్ల సంఖ్య పూర్తియైన దినమున, డిస్కు కన్నులకు క్రొత్తదివలె మెరయుచున్నను, దానిని తీసివేయవలసినదే. బాగున్నది గదా, ఇంకొక్క నెల పోనిండు అను మాట చెల్లదు. బెంగుళూరు–మదరాసు వంటి కురుచదారిలో దినమునకు అయిదారుమారులు లేచి దిగు విమానపు ఇంజను, సముద్రములు దాటు పెద్ద విమానపు ఇంజనుకంటె త్వరగా ముసలిదగుటకు కారణమిదియే. మన ఇంటిమీది దారులు ఇంజనులకు కఠినమైన దారులు.

చుట్ల లెక్క ఒక్కటి చాలదు. లోహము కరిగి గడ్డకట్టిన నాడే లోపల దోషముండవచ్చును. తుప్పు గుంట పడవచ్చును. బెజ్జము తొలుచునప్పుడు గీత పడవచ్చును. అందుకై తనిఖీ. మదనపల్లెవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 1915లో తెరువబడిన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము వారి ఊరిచెంతనే యున్నది; మన దేశమున బి.సి.జి. టీకాలు 1948లో మొదలైనది మదనపల్లెలోనే. దగ్గు రాకమునుపే, నెత్తురు పడకమునుపే, ఆరోగ్యవంతుని రొమ్మును ఎక్స్-కిరణములతో చూచి లోపలి మచ్చను పట్టుకొనవలెనను భావమును ఆ సీమవారు ఏనాడో విన్నారు. లోహమునకును అదే వైద్యము. ఎక్స్-కిరణములు, చెవికి వినబడని ధ్వని, లోహపు పైపొరలో సుడి తిరుగు విద్యుత్తు, ఇంజను విప్పకయే సందులలోనికి దూర్చు సన్నని చూపుగొట్టము – పరికరములు వేరు, తలంపు ఒక్కటే. ఇంజను నూనెలో అయస్కాంతపు బిరడానుంచి దానికి అంటిన లోహపు రజనును చూచి, లోపల ఏ భాగము అరుగుచున్నదో చెప్పుదురు. ఇది నాడి చూచుట వంటిది.

వీనిలో ఎక్కువగా వాడుకలో నున్నది మెరయు ద్రవపు పరీక్ష. డిస్కును శుభ్రముగా కడిగి, సన్నని బీటలలోనికి ఇంకు ఒక ద్రవమును పూసి, పైదానిని తుడిచివేసి, చీకటిగదిలో నీలలోహిత దీపము క్రింద త్రిప్పి చూతురు. బీట యున్నచో అందు ఇంకిన ద్రవము పసుపుపచ్చని సన్నని గీతగా మెరయును. చూచువాడు మనిషి. చీకటిలో గంటలకొలది కూర్చుండి, నూరు డిస్కులలో నూరును మంచివేయని చూచి, నూటయొకటవదానిని సైతము మొదటిదానివలెనే శంకించవలెను. పుంగనూరు సంతలో పశువును కొనువాడు పండ్లు చూచును, గిట్టలు చూచును, నడిపించి చూచును. సొమ్ము తనది గనుక వాని కన్ను అలయదు. చీకటిగదిలోని వానికి ఆ డిస్కు తనది కాదు, ఆ ప్రయాణికులు తనవారు కారు. తన యెదుట నున్నది ఒక సంఖ్య మాత్రమే.

ఈ కష్టము కల్పన కాదు. 1989 జూలై 19వ తేదీన అమెరికాలో సూ సిటీ వద్ద కూలిన డి.సి.-10 విమానపు తోక ఇంజనులో ముందరి ఫాను డిస్కు పగిలినది. 112 మంది మరణించిరి. టైటానియము కడ్డీ పోసిన నాటి దోషము చుట్టు బీట పెరిగినది. ఆ డిస్కు ఈ మెరయు ద్రవపు పరీక్షకు లోబడియే యుండెను. పరీక్షలో మనిషి కన్నునకు గల పరిమితులను తగినంతగా లెక్కలోనికి తీసికొనలేదని విచారణసంఘము తేల్చినది. 1995 జూన్ 8వ తేదీన అట్లాంటాలో వాల్యూజెట్ వారి డి.సి.-9 నేలపై పరుగెత్తుచుండగా కంప్రెసరు ఏడవ అంచె డిస్కు పగిలి, ఇంధనపు గొట్టము తెగి, మంట పుట్టినది. బొంబాయిలో జరిగినదానికి ఇది తోబుట్టువు. ఒక్క తేడా, విమానము ఇంకను నేలపైనే యుండెను. అందువలన విమానము కాలినది గాని ప్రయాణికులు బ్రతికిరి. ఆ డిస్కును ముందు మరమ్మతు చేసిన టర్కీ కర్మాగారమున కనిపెట్టదగిన బీట కనిపెట్టబడలేదని తేలినది. డిస్కు దేశములు దాటి చేతులు మారును; బీటయు దానితో కూడ ప్రయాణము చేయును.

నిప్పునకు డిస్కు ఒక్కటే దారి కాదు. 1985 ఆగస్టు 22వ తేదీన ఇంగ్లండులో మాంచెస్టరు రన్వేపై ఒక బోయింగు 737 ఇంజనులో, ఇంధనము మండు డబ్బా పగిలి రెక్కక్రింది ఇంధనపు తొట్టిని చీల్చినది; 55 మంది, పెక్కురు పొగవలన, మరణించిరి. ఆ డబ్బాలో బీటలకు మునుపు అతుకు వేసియుండిరి. 2010 నవంబరు 4వ తేదీన సింగపూరునుండి లేచిన క్వాంటాస్ వారి మహావిమానములో వ్రేలంత నూనెగొట్టము పగిలి నూనె మండి, ఆ వేడికి టర్బైను డిస్కు పగిలినది. గొట్టము లోపలి రంధ్రమును తొలుచునప్పుడు అది నడిమికి కాక ఒక ప్రక్కకు ఒరగుటచే గోడ ఒకవైపు పలుచనైనది. 469 మందియు క్షేమముగా దిగిరి. ఆరు దినములకే ఆ జాతి ఇంజనులన్నిటిని చూడవలెనని ఐరోపా భద్రతాసంస్థ ఉత్తరువు వెలువరించినది.

ఈ ఉత్తరువును గూర్చి కొంత చెప్పవలెను. ఇంజను నిర్మాత తన కొనుగోలుదారులకు ఈ భాగమును చూచుకొనుడు అని జాబు వ్రాయుట ఎప్పుడును కలదు. అది సలహా. అదే మాటను ప్రభుత్వసంస్థ వ్రాసినచో అది శాసనము. ఏ ఇంజను, ఏ భాగము, ఏ వరుస సంఖ్యనుండి ఏ సంఖ్యవరకు, ఏ పద్ధతిని, ఎన్ని గంటలలో లేక ఎన్ని చుట్లలో చూడవలెను, బీట కనబడినచో ఏమి చేయవలెను – ఇంతయు అందు ఉండును. గడువు దాటిన క్షణమున విమానము ఎగురుటకు తగనిదగును. 2018 ఏప్రిల్ 17వ తేదీన అమెరికాలో సౌత్‌వెస్ట్ విమానపు ఇంజను రెక్క తెగి ఒక ప్రయాణికురాలు మరణించగా, మూడవ దినముననే ఉత్తరువు వచ్చినది: ముప్పదివేల చుట్లు దాటిన ఇంజనులలోని ఫాను రెక్కలను ధ్వనిపరీక్షతో ఇరువది దినములలో చూచి తీరవలెను.

మన దేశమున ఈ పని పౌరవిమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయమువారిది. 1934 నాటి చట్టము స్థానమున వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1నుండి అమలులో నున్నది. ఇటీవలి కాలపు పెద్ద పరీక్ష ఎయిర్‌బస్ ఎ-320 నియో విమానముల ప్రాట్ అండ్ విట్నీ ఇంజనులవలన వచ్చినది. 2018 మార్చిలో ఒక సీలు దోషముగల ఇంజనులను గూర్చి 11 విమానములను ఒక్కనాడే నిలిపివేసిరి. 2019 నవంబరులో ఇండిగో సంస్థ తన 97 నియో విమానముల ఇంజనులను, టర్బైను రెక్కలు మార్చిన ఇంజనులతో, 2020 జనవరి 31లోగా మార్చవలెనని, లేనిచో అవి ఎగురరాదని ఆజ్ఞ యైనది. ఆ గడువు పిదప మే 31వరకు పొడిగింపబడినది. పొడిగింపును తప్పుపట్టువారు కలరు. క్రొత్త ఇంజనులు చెట్టున కాయవు గదా అనువారును కలరు. నా మట్టుకు నాకు తోచునది ఇది: గడువును సడలించుట ఒక్కొక్కప్పుడు తప్పదు, కాని ఏ లెక్కను చూచి సడలించినారో ఆ లెక్క ప్రజల ముందుంచవలెను. ప్రయాణికుడు ఇంజనులోనికి తొంగిచూడలేడు. కాగితములోనికైనను తొంగిచూడ గలుగవలెను.

2023 జూలైలో మరియొక వార్త వచ్చినది. అదే సంస్థ ఇంజనులలో కొన్ని డిస్కులు చేయుటకు వాడిన లోహపు పొడిలో మాలిన్యము చేరినదని, వేలకొలది డిస్కులను తీసి ధ్వనిపరీక్ష చేయవలెనని నిర్మాతయే ప్రకటించెను. మన దేశమున పదులకొలది విమానములు ఇంజనులు లేక నెలల తరబడి నేలపై నిలిచినవి. బెంగుళూరునుండి పోవలసిన సర్వీసు రద్దయినదని, టిక్కెట్టు ధర పెరిగినదని మనవారు విసిగికొనిరి. విసుగు సహజమే. పెళ్లికి అందనివాడు, సెలవు ముగిసి గల్ఫునకు పోయి కొలువులో చేరవలసినవాడు ఇంజను డిస్కును తలచి ఊరడిల్లుమనుట కష్టము. అయినను ఆ నిలిచిన విమానములే తనిఖీ జరుగుచున్నదనుటకు సాక్ష్యము. 1976లో ఆ కారవెల్ ఏ నెపమునైన ఆ రాత్రి నిలిచియున్నచో 95 మంది విసిగికొని యుందురు.

ఈ విద్య మన సీమకు పరాయిది కాదు. బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఇంజను విభాగము 1957నుండి ఉన్నది. ఆ ఊరి కర్మాగారములకు కుప్పమునుండి తెల్లవారుజామున రైలెక్కి పోవువారు నేటికిని కలరు. హైదరాబాదులో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ టైటానియమును, ఇంజనులకు వలయు వేడికోర్చు మిశ్రలోహములను చేయుచున్నది. 2025 నవంబరు 26వ తేదీన శంషాబాదు విమానాశ్రయము చెంత సాఫ్రాన్ అను ఫ్రెంచి సంస్థవారి ఇంజను మరమ్మతు కేంద్రము ప్రారంభమైనది. పూర్తిస్థాయికి వచ్చిన పిమ్మట ఏటికి 300 ఇంజనులను విప్పి చూచి కూర్పగలదని చెప్పినారు. పరదేశములకు పంపి నెలలు వేచియుండుట దీనివలన కొంత తగ్గవలెను.

ఇట్టి కేంద్రములలో పని మొదలగు తీరు చూడదగినది. విప్పిన డిస్కును మొదట దీపము క్రింద పెట్టరు. దాని అంచుపై చెక్కిన వరుస సంఖ్యను చదువుదురు. ఆ సంఖ్యకు ఒక జాతకము కలదు – ఏ కడ్డీనుండి పుట్టినది, ఏ ఏ ఇంజనులలో తిరిగినది, ఎన్ని చుట్లు మోసినది, ఎవరు చూచి చేవ్రాలు చేసిరి. ఆ కాగితము దొరకనిచో, డిస్కు ఎంత నిగనిగలాడుచున్నను తూకమునకు వేయవలసినదే. దొరికిన పిమ్మటనే చీకటిగది తలుపు వేసి దీపము వెలిగింతురు.